కట్టుబడి బంటు

మంగంపేటలో ముగ్గురాయి లారీలు లేపే తెల్ల దుమ్ములో నిలబడితే, ఈ సీమలో నేలే ఒకప్పుడు సిపాయి జీతమంటే నమ్మబుద్ధి కాదు. దగ్గర్లోనే చిట్వేలి, మట్లివారు ఏలిన చోటు. పాళెగాళ్ల కాలంలో కట్టుబడి బంట్లకు మాన్యం ఇచ్చేవాళ్లు. పిలుపొస్తే ఈటె, కత్తి పట్టుకుని పోవాలి; లేనప్పుడు మడక కట్టాలి, ఊరికి కాపలా కాయాలి.

1800లో నిజాం ఈ సీమను కుంపిణీకి వదిలేశాడు. కలెక్టరుగా వచ్చిన మన్రో కూడా హైదరు మీద, టిప్పు మీద పోరాడిన సిపాయే! పాళెగాళ్లను అణిచాడు, రైతు పేరునే శిస్తు వేశాడు. దండు లేని బంటుకు మిగిలింది ఆ కాస్త చెక్క: కొర్ర, సజ్జ, వానొస్తే జొన్న. నన్నడిగితే, కత్తి తిప్పడం కంటే ఆ చేను దున్నడమే కష్టం.

తర్వాత మాన్యాలకూ కత్తెర పడింది. 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి వెంట కోయిలకుంట్ల ఖజానా మీద పడ్డవాళ్లలో ఈ కట్టుబడులూ ఉన్నారు. ఆయనది పింఛను గొడవ, నెలకు పదకొండు రూపాయల చిల్లర. వీళ్లది చేను గొడవ. 1847 ఫిబ్రవరిలో ఆయన్ను ఉరి తీశారు. మాన్యాలు మాత్రం సర్కారు లెక్కల్లోనే ఉండిపోయాయి.