శిఖరం ఎవరిది?

పారిస్ నగరంలోని నోత్రదాం ఆలయ నిర్మాణం 1163లో మొదలయింది. రోమనెస్క్ పద్ధతిలోని బరువైన గోడలను విడిచి, మొనదేలిన కమానులూ వెలుపలి ఊతకమానులూ భారం మోయగా, పలుచనైన గోడలలో రంగుటద్దాల కిటికీలు వెలిసిన గోథిక్ శైలికి అది మేలైన ఉదాహరణ.

2019 ఏప్రిల్ 15న అగ్నికి ఆహుతియై దాని శిఖరం కూలినప్పుడు, మధ్యయుగ సంపద నశించిందని ఎందరో వగచారు. నిజానికి ఆ శిఖరం 1859 నాటిది. 13వ శతాబ్దపు తొలి శిఖరం శిథిలం కాగా 18వ శతాబ్ది చివర దానిని తొలగించారు. వియొలె-ల-దుక్ అనే వాస్తుశిల్పి మునుపటి దానికంటె ఎత్తుగా, తన ఊహననుసరించి కొత్తది నిలిపాడు. దాని మొదట నిలిపిన అపొస్తలుల విగ్రహాలలో తోమాకు తన పోలికలే ఇచ్చుకొన్నాడు! పరిష్కర్త ఒకడు ప్రాచీన కావ్యంలో తన పద్యం చొప్పించి, పక్కన తన ముద్ర కూడ వేసుకొన్నట్లున్నది. ఇట్టి పునరుద్ధరణ వినాశమేనని ఇంగ్లండులో రస్కిన్ 1849లోనే వాదించాడు.

ప్రమాదానంతరం, ఈ కాలానికి తగిన కొత్త శిఖరం కట్టాలని కొందరన్నారు. 2020లో పూర్వరూపమే నిర్ణయమయింది. 2024 డిసెంబరులో ఆలయద్వారాలు తిరిగి తెరుచుకొన్నాయి.

పాఠపరిష్కరణ న్యాయం ప్రకారం ప్రక్షిప్తాన్ని తొలగించవలసిందే. కాని నూట అరువది యేండ్లు జనుల కన్నులలో నిలిచిన ప్రక్షిప్తం మూలంలో భాగం కాదనగలమా? కాదనలేమనియే నాకు తోస్తున్నది. మీరేమంటారు?