బందరు నుంచి బొంబాయికి

బందరు నుంచి అమెరికా వెళ్ళాలంటే దారి బొంబాయి మీదుగా ఉంటుందని నాకు నలభై ఆరో ఏట తెలిసింది. అక్కడ విమానం ఎక్కాలని కాదు సుమా. మా జిల్లా పిల్లలు చదువుకోసం వెళ్ళేటప్పుడు హైదరాబాదులోనే వీసా పుచ్చుకుంటారు. కాని భర్త అమెరికా పౌరుడై, భార్య అక్కడే కాపురముండడానికి వెళ్ళవలసివస్తే ఎక్కవలసిన గుమ్మం వేరు. అది బొంబాయిలో ఉన్నది. ఇరవై రెండేళ్ళుగా కాలేజీలో ప్రబంధాలు చెప్పుకుంటున్న నేను 2024 నవంబరులో, చంకలో ఒక లావుపాటి ఫైలు పెట్టుకుని, తమ్ముణ్ణి తోడు తీసుకుని బయలుదేరాను.

మా పెళ్ళి 2022 మే నెలలో జరిగింది. ఆయన మా ప్రాంతంవారే. పాతికేళ్ళ కిందట ఒహాయో రాష్ట్రం వెళ్ళి, ఇంజనీరుగా స్థిరపడి, ఆ దేశపు పౌరసత్వం తీసుకున్నారు. ఇద్దరికీ పెళ్ళి ఎందుకింత ఆలస్యమయిందన్నది వేరే కథ. ఈ పత్రికలో సీరియలుగా వెయ్యవలసినంత పొడుగున్నది గాని, అంత రుచి లేదు. నెల తిరక్కుండానే ఆయన వెళ్ళిపోయి, 'నా భార్యను రానివ్వండి' అని అక్కడి ప్రభుత్వానికి అర్జీ పెట్టారు. దాని పేరు ఐ-130. పౌరుడి భార్యలను ఏటా ఇంతమందినే రానిస్తామన్న లెక్క ఆ దేశంలో లేదు. అన్నదమ్ములూ అక్కచెల్లెళ్ళ కోసం పెట్టే అర్జీలకు మాత్రం లెక్క ఉన్నది, అవి ఏళ్ళ తరబడి వరసలో పడివుంటాయి. అయితే లెక్క లేకపోవడం వేరు, ఆలస్యం లేకపోవడం వేరు. మాకు రెండున్నరేళ్ళు పట్టింది. ఆలస్యంలో ఒక మేలు కూడా ఉన్నదట. పెళ్ళయి రెండేళ్ళు నిండకముందే ఆ గడ్డమీద కాలుపెట్టే భార్యకు షరతుతో కూడిన రెండేళ్ళ కార్డు ఇస్తారు. రెండేళ్ళు దాటితే పదేళ్ళదే ఇస్తారు. ఎదురుచూపులతోనే మా కాపురం పాతబడింది మరి!

మనకు పెళ్ళికి సాక్షి అగ్నిహోత్రుడు. వాళ్ళకు కాగితం కావాలి. రిజిస్ట్రారు ఇచ్చిన పత్రం సరే, అది ఉత్తుత్తి పెళ్ళి కాదని కూడా రుజువు చెయ్యాలి. ఫోటోలు, ఆయన వచ్చివెళ్ళిన విమానాల టిక్కెట్లు, మేము ఫోనులో మాట్లాడుకున్న లెక్కలు అన్నీ అచ్చుతీసి పెట్టాను. ప్రేమలేఖలు ఉంటే బాగుండేది గాని, మా మాటలు సగానికి సగం 'అన్నం తిన్నారా, అక్కడ మంచు పడుతోందా' అన్నవే. నన్ను పోషించగలనని ఆయన ప్రభుత్వానికి పత్రం రాసిచ్చారు. దారిద్ర్యరేఖ అని వాళ్ళు గీసుకున్న గీతకు నూటికి పాతిక వంతున ఎక్కువ రాబడి ఉండాలట. పెళ్ళిపీటలమీద చేసిన ప్రమాణానికి ఇదే ఇంగ్లీషు తర్జుమా కాబోలు అనుకున్నాను. వైద్యపరీక్షలో నలభై ఆరేళ్ళదానికి తట్టు టీకా వేశారు. మా అమ్మ ఆ సంగతి విని కడుపుబ్బ నవ్వింది.

అమ్మ నవ్వు అంతటితో ఆగిపోయింది. చిక్కు నా పుట్టుక దగ్గర వచ్చింది.

మాది దివిసీమలో సముద్రానికి దగ్గరి పల్లె. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చింది. ప్రభుత్వం లెక్కకే పదివేలమంది దాకా పోయారు. మా తాతగారు ఆ రాత్రే పోయారు. అమ్మకు నేను కడుపులో ఆరో నెల. పెంకుటింటి అటకమీద నాన్న ఆమెను కూచోబెట్టి, దూలం పట్టుకుని నిలబడ్డాడట. మాఘమాసంలో రథసప్తమి మర్నాడు నేను పుట్టాను. పీనుగులను లెక్కపెట్టడానికే మనుషులు చాలని ఊళ్ళో పుట్టినవాళ్ళ పేర్లు ఎవరు రాస్తారు? తర్వాత బడిలో వేసేటప్పుడు మాస్టారు, అయిదేళ్ళు నిండాలి గనుక, 1977 జూన్ ఒకటో తేదీ అని రాసేశారు. పదో తరగతి సర్టిఫికెట్టులో, ఉద్యోగంలో, పాస్‌పోర్టులో అదే నడిచింది. మన దేశంలో జూన్ ఒకటిన పుట్టినవాళ్ళంతా కలిస్తే ఒక జిల్లా అవుతుంది గదా!

జనన ధృవపత్రం లేనివాళ్ళు, లేదని ఒక పత్రం తెచ్చి, దానితో దగ్గర బంధువుల చేత ప్రమాణపత్రం రాయించాలి. బందరులో వకీలుగారు టైపు చేయించి అమ్మ ముందు పెట్టారు. ఆమె నన్ను చదివి తెలుగులో చెప్పమన్నది. చెప్పాను.

"నేను సంతకం పెట్టనే," అన్నది అమ్మ.

వకీలుగారు కళ్ళజోడు సవరించుకుని, "కాగితాలన్నిటా ఒకే తేదీ ఉండాలమ్మా. లేకపోతే అమెరికావాళ్ళు ఒప్పుకోరు. ఇది లాంఛనం," అన్నారు.

"లాంఛనమేమిటి బాబూ! ఉప్పెననాటికి నాకు అయిదునెలల పిల్ల ఉన్నదనేగా దీనర్థం? చంకలో పిల్లతో ఉన్నవాళ్ళెవరూ ఆ రాత్రి మా వీధిలో మిగల్లేదు. నాకూ ఉన్నదని ప్రమాణం చేసి, వాళ్ళ ముఖం ఎలా చూడమంటారు?"

ఎదురు ఎవరూ మాట్లాడలేదు. వకీలుగారు కాసేపటికి ఆ కాగితం చింపి, రెండోది టైపు చేయించారు. బడి లెక్కలో ఫలానా తేదీ, తల్లి ఎరిగినంతవరకు 1978 ఫిబ్రవరి, అని. అమ్మ తన పేరు పొడుగునా, ఇంటిపేరుతో సహా, తీరిగ్గా రాసింది.

విజయవాడలో తెల్లవారుజామున కోణార్క్ ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. సికింద్రాబాదు దాటాక భూమి రంగు మారుతుంది. వాడి దగ్గర నల్లరేగడి, కందిచేలు, అక్కడక్కడ నాపరాళ్ళ గుట్టలు. సాయంకాలానికి షోలాపూరు. ప్లాట్‌ఫారం మీద దుప్పట్లమ్మే ముసలాయన మా మాటలు విని తెలుగులోనే ధర చెప్పాడు. అక్కడి మగ్గాలలో చాలా భాగం తెలుగు పద్మశాలీల చేతిమీద నడిచినవే. తాతల కాలంలో వచ్చారట. వాళ్ళకు ఏ కాగితమూ అక్కరలేకపోయింది గదా అనుకున్నాను. ఒక దుప్పటి కొన్నాను. ఒహాయో చలికి ఇది ఏమూలకని తమ్ముడు వేళాకోళం చేశాడు.

దాదరులో దిగేటప్పటికి ఇంకా చీకటే. పాలక్యానులు, పూలబుట్టలు, పరుగెత్తే జనం. ఆ ఊళ్ళో నిద్రపోయేవాళ్ళు ఎప్పుడు నిద్రపోతారో! అమెరికా కాన్సులేటు 2011 దాకా సముద్రపుటొడ్డున ఒక పాత మహారాజుగారి మేడలో ఉండేది. ఇప్పుడు బాంద్రా-కుర్లా సముదాయంలో ఉన్నది. మిఠీ నది పక్కన బురదనేలను పూడ్చి కట్టిన అద్దాల మేడల పేట అది. లోపలికి ఫోను తీసుకుపోనివ్వరు. వీధిలో మన సంచులు దాచిపెట్టడమే వృత్తిగా కొందరు బతుకుతున్నారు. తమ్ముణ్ణి అక్కడే వదిలి లోపలికి వెళ్ళాను.

లోపల పంజాబీ కోడళ్ళు, గుజరాతీ ముసలి దంపతులు, ఒడిలో పిల్లలు. కూచుని ఉంటే, ఎప్పుడో చదివిన సంగతులు గుర్తొచ్చాయి. 1907 నాటి చట్టం ప్రకారం పరదేశీయుణ్ణి పెళ్ళాడిన అమెరికా స్త్రీ తన పౌరసత్వాన్నే పోగొట్టుకునేది. 1922లో ఆ చట్టాన్ని సడలించారు గాని, పౌరసత్వానికి అర్హత లేని జాతివాణ్ణి చేసుకుంటే పాత శిక్షే. ఆ మరుసటి ఏడే, భగత్ సింగ్ థిండ్ కేసులో, భారతీయులకు ఆ అర్హత లేదని అక్కడి సుప్రీంకోర్టు తేల్చింది. స్త్రీలకా శిక్ష 1931 దాకా పోలేదు. మనవాళ్ళకు తలుపు తెరిచింది 1946లో, అదీ ఏడాదికి నూరుమందికి. ఇవాళ ఆ హాల్లో పట్టనంతమంది!

నా వంతు వచ్చింది. కిటికీ అవతల పాతికా ముప్ఫై ఏళ్ళ అమ్మాయి. కుడిచెయ్యి ఎత్తి, నిజమే చెబుతానని ప్రమాణం చెయ్యమన్నది. భర్త పేరు అడిగింది. మా అమ్మమ్మ తన జన్మలో పలకని ముక్క, నేను నిలబడి రెండుసార్లు పలికాను. ఎలా కలుసుకున్నారు, ఆయన ఇంట్లో ఎన్ని గదులున్నాయి, పెళ్ళికి ఆయన తరఫున ఎవరొచ్చారు, అన్నిటికీ జవాబు చెప్పాను. తరువాత ఆమె అమ్మ కాగితం దగ్గర ఆగింది.

"ఇందులో రెండు తేదీలున్నాయే?"

ఉప్పెన సంగతి నాలుగు వాక్యాలలో చెప్పాను. క్లాసులో గంటసేపు చెప్పగలను, అక్కడ నాలుగే వచ్చాయి.

"అయితే మీ పాస్‌పోర్టులోది నిజమైన తేదీ కాదంటారు."

"కాదండి. మా మాస్టారు వేసినది."

ఆమె చాలాసేపు టైపు చేసింది. చివరకు పాస్‌పోర్టు తిరిగి ఇచ్చేసి, ఒక చీటీ చేతిలో పెట్టింది. మొదట చేరిన బడి రిజిస్టరు నకలు, ప్రధానోపాధ్యాయుల ముద్రతో పంపమని అందులో ఉన్నది.

బయట తమ్ముడు నా ముఖం చూసి గ్రహించాడు. "ఒక్క తేదీ మింగేస్తే పోయేది గదక్కా! అమ్మ చాదస్తం, దానికి నీ సత్యహరిశ్చంద్రం!" అన్నాడు. నాకూ ఏడుపొచ్చింది. నిజం చెప్పినందుకు గర్వపడ్డానని రాస్తే అబద్ధమవుతుంది. ఆ రాత్రి ఫోనులో ఆయన, "పోనిద్దూ, ఇంకో నెల," అన్నారు. ఆ గొంతులో అలసట నాకు వినిపించింది.

మర్నాడు టాక్సీలో స్టేషనుకు పోతుంటే డ్రైవరు 'కామాఠిపుర' అని ఒక పేటను చూపించాడు. ఆ పేటకిప్పుడు వేరే పేరు పడింది గాని, ఒకనాడు నైజాం సీమ నుంచి వచ్చి ఈ నగరం కట్టిన తెలుగు కూలీలే ఆ కామాఠీలు.

మా ఊరి బళ్ళో హెడ్మాస్టరు బీరువా అడుగునుంచి రిజిస్టరు తీశారు. చెదలు అంచులు తిన్నాయిగాని నా వరస మిగిలింది. తేదీ పక్కన నాన్న సంతకం. ఆయన పోయి పన్నెండేళ్ళు. నకలు తీసి, ముద్ర వేయించి పంపాం. జనవరి మొదటివారంలో వీసాతో పాస్‌పోర్టు వచ్చింది.

అమ్మ దాన్ని తిరగేసి, "ఇందులో ఏ తేదీ వేశారే?" అని అడిగింది.

"జూన్ ఒకటేనమ్మా. పాస్‌పోర్టులో ఉన్నదే వేస్తారు."

"వాళ్ళిష్టం. నేను చెప్పానుగా." కాసేపాగి, "మరి నువ్వూ ఆ దేశందానివైపోతావా?" అన్నది. భర్తతో మూడేళ్ళు కాపురముంటే పౌరసత్వానికి అర్జీ పెట్టుకోవచ్చుననీ, అది పుచ్చుకుంటే ఇక్కడిది వదులుకోవాలనీ, మన చట్టం రెండూ ఉంచుకోనివ్వదనీ చెప్పాను. పెట్టుకుంటానో లేదో చెప్పలేదు. ఆమె అడగనూ లేదు.

కాలేజీలో ప్రస్తుతానికి జీతంలేని సెలవు పెట్టాను. టిక్కెట్టు ఎప్పటికి కొనమంటావని ఆయన అడిగితే, రథసప్తమి వెళ్ళిన మూడోనాటికి కొనమన్నాను. సప్తమినాడు అమ్మ చిక్కుడాకుల్లో సూర్యుడికి పరమాన్నం పెట్టింది. మర్నాడు మళ్ళీ వండింది. అది నాకు.