ఇంటి గడపలోనే క్రిస్మస్

తెలుగు క్రైస్తవుల ఇళ్లలో క్రిస్మస్ ఒక్కరోజు పండుగ కాదు. డిసెంబరు మొదలవుతూనే ఇంటి ముందు స్టార్ వెలుగుతుంది. ఆ వెంటనే పండుగకు ముందే జరిపే సెమీ క్రిస్మస్ కూడికలు, అర్ధరాత్రి దాటేదాకా ఇంటింటా పాడే క్యారల్ రౌండ్లు, 24 రాత్రి ఆరాధన, మరునాడు గుడి, ప్రేమవిందు, 31 రాత్రి మళ్లీ ఆరాధన. అన్నీ పదిమంది ఒకచోట చేరితేనే జరిగేవి. 2020లో కొవిడ్ మహమ్మారి దెబ్బ తగిలింది సరిగ్గా అక్కడే. ఆ ఏడాది మార్చి 25న లాక్‌డౌన్ మొదలయ్యాక ఏప్రిల్ 10న గుడ్ ఫ్రైడే, 12న ఈస్టర్ గుడి తలుపులు మూసి ఉండగానే గడిచిపోయాయి. జూన్ 8 నుంచి ప్రార్థనా స్థలాలు తెరవడానికి కేంద్రం అనుమతించింది గానీ, ఆరడుగుల ఎడం పాటించాలనీ, గాయక బృందాలకు బదులు రికార్డు చేసిన పాటలు పెట్టుకోవాలనీ షరతులు పెట్టింది. 65 ఏళ్లు దాటినవారు, పదేళ్లలోపు పిల్లలు, గర్భిణులు, దీర్ఘరోగులు ఇంటిపట్టునే ఉండాలని సూచించింది. తాతయ్య, నానమ్మ, చంటిపిల్లలు గడప దాటకూడదంటే ఆ కుటుంబానికి పండుగ జరగాల్సిన చోటు ఇల్లే.

అన్నిటికన్నా కష్టంగా వదులుకోవాల్సి వచ్చింది పాటను. కరోనా వైరస్ ప్రధానంగా ఊపిరి ద్వారా వ్యాపిస్తుంది. మామూలుగా మాట్లాడేటప్పటికంటే గొంతెత్తి పాడేటప్పుడు నోటి నుంచి సన్నని తుంపర్లు చాలా ఎక్కువగా వెలువడతాయి. మూసిన గదిలో అవి గాలిలోనే నిలిచి ఉంటాయి. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రం, స్కాజిట్ లోయలో 2020 మార్చి 10న ఒక గాయక బృందం రెండున్నర గంటల పాటు సాధన చేసింది. జలుబు లక్షణాలతో వచ్చింది ఒక్కరే. హాజరైన 61 మందిలో మొత్తం 53 మంది జబ్బు పడ్డారు, ఇద్దరు చనిపోయారు. మన క్యారల్ రౌండ్ తీరు ఇంతకంటే ప్రమాదకరం. యువజనులు ఒక బండిలో కిక్కిరిసి కూర్చుంటారు, ఇంటింటా హాల్లో నిలబడి పాడతారు, ప్రతి ఇంటా కేకు, టీ పుచ్చుకుంటారు. తినడానికి మాస్కు తీయక తప్పదు. ఒకే రాత్రి ఇరవై ఇళ్లు తిరిగే బృందంలో ఒక్కరికి జబ్బున్నా అది ఇరవై ఇళ్ల పెద్దల దాకా చేరగలదు. అందుకే మహమ్మారి ఉన్నంతకాలం ఈ రౌండ్లు మానుకోవడమే సరైన పని. ఇంట్లో ఉండేవారు మాత్రం తమలో తాము గొంతు నిండా పాడుకోవచ్చు. ఎప్పుడూ పీల్చుకునే గాలే గనుక దానివల్ల కొత్తగా వచ్చే ముప్పు పెద్దగా ఉండదు.

మహమ్మారి కాలంలో ఇంటి పండుగకు అసలు చిక్కు వచ్చేవారితో. 2020 నాటి వైరస్ సోకాక లక్షణాలు సాధారణంగా ఐదారు రోజులకు బయటపడేవి. కొందరిలో పద్నాలుగు రోజుల దాకా పట్టేది. లక్షణాలు కనిపించడానికి రెండు రోజుల ముందు నుంచే ఆ మనిషి ఇతరులకు అంటించగలడు. అంటే 24 సాయంత్రం హైదరాబాదు నుంచో బెంగళూరు నుంచో బస్సు దిగిన కొడుకు, ఒంట్లో ఏ నలతా లేకుండానే తల్లికి జబ్బు తేవచ్చు. రావాలనుకున్నవారు 10వ తేదీ నాటికే వచ్చి, విడిగా ఒక గదిలో ఉంటే పండుగ నాటికి ఆ పద్నాలుగు రోజులూ గడిచిపోతాయి. అలా వీలుకానప్పుడు రాకపోవడమే ఆ తల్లికి చేసే మేలు. పరీక్షలో నెగెటివ్ వచ్చిందని నిశ్చింతగా ఉండడానికి లేదు, సోకిన తొలి రోజుల్లో పరీక్షకు దొరకకపోవచ్చు. బ్రిటన్‌లో కొత్త రకం వైరస్ కనబడడంతో 2020 డిసెంబరు 22 అర్ధరాత్రి నుంచి అక్కడి విమానాలను భారత్ ఆపేసింది. లండన్‌లో ఉన్న పిల్లల కోసం ఎదురుచూసిన తెలుగు ఇళ్లలో ఆ ఏడు పలకరింపులన్నీ వీడియో కాల్‌లోనే సాగాయి.

దగ్గరి బంధువులు ఒకరిద్దరు తప్పనిసరిగా వస్తే వసారాలోనో డాబా మీదో కూర్చోబెట్టడం మంచిది. డిసెంబరులో ఆదిలాబాద్, అరకు, లంబసింగి వైపు చలికి కిటికీలు బిగించుకోవడం అలవాటు. మహమ్మారి కాలంలో ఆ అలవాటు చేటు చేస్తుంది. ఒక కిటికీ తెరిచి ఊరుకుంటే చాలదు, ఎదురెదురుగా రెండు తెరిస్తేనే గాలి ఆడుతుంది. చలికి శాలువా కప్పుకోవచ్చు. ఏసీ గదిలో తలుపులు వేసుకుని కూర్చోవడం అన్నిటికంటే చెడ్డది, లోపలి గాలే లోపల తిరుగుతుంది.

ఇంట్లో చేసుకునే క్రిస్మస్‌ను అరకొర పండుగగా చూడడం న్యాయం కాదు. తెలుగు క్రైస్తవ కుటుంబాలకు సాయంకాలపు కుటుంబ ప్రార్థన ఎప్పటినుంచో ఉంది. తొలి శతాబ్దంలో సంఘాలు కూడుకున్నది కూడా ఇళ్లలోనే, పౌలు లేఖల్లో ఆ ఇంటి సంఘాల ప్రస్తావన ఉంది. 24 రాత్రి కుటుంబ ప్రార్థననే కాస్త విస్తరించుకుంటే అదే ఆరాధన. లూకా సువార్త రెండో అధ్యాయం ఇంట్లో చదవడం వచ్చిన చిన్నవాళ్ల చేత చదివించవచ్చు. నాయనమ్మకు నోటికి వచ్చిన కీర్తన ఆమే ఎత్తుకుంటే మిగిలినవారు అందుకుంటారు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో కీర్తనకు రాగం, తాళం అచ్చు వేసి ఉంటాయి గనుక, పాత వరస తెలిసిన పెద్దల దగ్గర పిల్లలు కూర్చుని నేర్చుకోవడానికి ఇంతకన్నా మంచి సమయం దొరకదు. గుడిలో మైకు, కీబోర్డు హోరులో ఆ ముసలి గొంతు ఎవరికీ వినిపించదు. పిల్లలు నిద్రకు ఆగలేకపోతే ఆరాధనను ముందుకు జరుపుకోవచ్చు. 2020లో పోప్ ఫ్రాన్సిస్ అర్ధరాత్రి పూజనే ఇటలీలోని కర్ఫ్యూ వల్ల సాయంత్రం ఏడున్నరకు జరిపారు. ప్రభువు బల్ల విషయంలో మాత్రం ఎవరి సంఘం పద్ధతి వారిది. కతోలికులకు గురువు లేనిదే దివ్యసత్ప్రసాదం లేదు. కొన్ని ఇతర సంఘాలు ఆన్‌లైన్‌లో పాస్టరుగారు ప్రార్థించగా ఇళ్లలోనే రొట్టె, ద్రాక్షరసం తీసుకోవడానికి ఒప్పుకున్నాయి. సంఘ పెద్దలను అడిగి చేయడం మర్యాద.

మహమ్మారి ఇంట్లోకి కొత్తగా తెచ్చిన ప్రమాదం ఒకటుంది. శానిటైజర్‌లో అరవై శాతానికి పైగా ఆల్కహాలు ఉంటుంది, ఇట్టే అంటుకుంటుంది. ఆ మంట పగటి వెలుతురులో సరిగా కంటికి కూడా ఆనదు. చేతికి రాసుకుని తడి ఆరకముందే అడ్వెంట్ కొవ్వొత్తి వెలిగించడం, సీసాను పశువుల పాక బొమ్మల పక్కన ఎండుగడ్డి మీద పెట్టడం రెండూ ముప్పే. ఇంట్లో సబ్బూ నీళ్లూ ఉన్నప్పుడు శానిటైజర్ అక్కరే లేదు. సబ్బుతో ఇరవై సెకన్లు రుద్దుకుంటే చేతులు శుభ్రమవుతాయి. నిప్పు ముప్పు తగ్గాలంటే, వెదురు బద్దలు, రంగు కాగితంతో ఇంట్లోనే స్టార్ కట్టుకునేవారు లోపల వేడెక్కే పాతకాలపు బల్బుకు బదులు ఎల్‌ఈడీ బల్బు పెట్టుకోవాలి.

పిండివంటలకు ఏ అడ్డూ లేదు. ఆహారం తినడం వల్ల ఈ జబ్బు వచ్చినట్టు ఆధారాలు లేవు. అరిసెలు, కజ్జికాయలు, గులాబీ పువ్వులు ఎప్పటిలాగే వండి, ఇరుగుపొరుగుకు డబ్బాలో పెట్టి గుమ్మం దగ్గర ఇచ్చి రావచ్చు. కాగిన నూనెలో వేడెక్కిన గులాబీ పువ్వుల అచ్చును పిండిలో ముంచి తిరిగి నూనెలో దించగానే యాలకుల వాసన వీధిలోకి వస్తుంది. పొయ్యి దగ్గరున్న మనిషికే ఆ వాసన తెలియకపోతే దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. ఉన్నట్టుండి వాసన పోవడం కొవిడ్ లక్షణం. ఆ మనిషి వెంటనే పక్క గదిలోకి మారాలి, పరీక్ష చేయించుకోవాలి. పండుగ పూట కదా, రేపు చూద్దామనుకోవడం తగదు. వేలికి పెట్టి చూసే పల్స్ ఆక్సీమీటరులో అంకె 94 కంటే తగ్గితే అది 25వ తేదీ అర్ధరాత్రి అయినా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

పండుగ ఖర్చు తగ్గిన ఇంట మిగిలిన డబ్బు ఎక్కడికి పోవాలన్నది కూడా ఆలోచించాల్సిన విషయమే. దీనికి మెదక్ చర్చి ఒక ఉదాహరణ, దాన్ని కట్టడం మొదలైంది మొదటి ప్రపంచ యుద్ధం, కరువు కలిసి వచ్చిన కాలంలో. మిషనరీ చార్లెస్ వాకర్ పోస్నెట్ ఆ పనిని ఆకలితో ఉన్న జనానికి కూలీగా, కూడుగా మార్చారు. గుడి 1924 డిసెంబరు 25న, క్రిస్మస్ నాడే తెరుచుకుంది. కొవిడ్ ఏడాదిలోనూ పని పోయిన కూలీలు, కుటుంబపెద్దను పోగొట్టుకున్న ఇళ్లు ప్రతి సంఘంలో ఉండేవి. ఏటా విధవరాళ్లకు చీరలు పంచే సభ ఆగిపోయినా చీరలు ఆగనక్కరలేదు, ఒక్కో ఇంటి గుమ్మానికి చేర్చవచ్చు. పల్లె సంఘాల్లో పాస్టరుగారి కుటుంబం చాలాచోట్ల ఆదివారం కానుకల మీదే బతుకుతుంది. గుడి మూతపడితే కానుకల సంచీ తిరగదు, అయ్యగారు నోరు తెరిచి అడగరు. ఇంట్లో పండుగ చేసుకునే ప్రతి కుటుంబం తన కానుకను ఫోన్ ద్వారానో మనిషి ద్వారానో 25వ తేదీకి ముందే ఆయనకు చేర్చాలి.