కాలిన రాళ్ల సాక్ష్యము

ఐర్లండు దేశమున తేమ గల పల్లపు నేలలయందును, వాగుల యొడ్డులందును గడ్డి కప్పిన చిన్న దిబ్బలు వేలకొలది కలవు. పెక్కింటి ఆకారము గుఱ్ఱపు లాడమును బోలి యుండును. పైకి చూచిన వానిలో వింత యేమియు లేదు. త్రవ్వినచో మాత్రము నల్లని మట్టియు, బొగ్గులును, నిప్పున కాలి పగిలిన రాళ్లును బయల్పడును. వాని చెంత నేలలో పాతిన తొట్టి యొకటి కానవచ్చును. వీనిలో పెక్కులు మూడువేల యేండ్లకు పూర్వము, కంచుయుగమున ఏర్పడినవి.

ఈ తొట్టి యెందులకు? కొయ్యతొట్టిని పొయ్యిపై నెక్కించిన కాలిపోవును. నీటిని నిప్పు కడకు చేర్చజాలని యా ప్రజలు నిప్పునే నీటి కడకు చేర్చిరి. రాళ్లను మంటలో కాల్చి తొట్టిలో వేసిరి, నీరు మరగెను. అందు వేటమాంసము వండుకొనిరని ఆ దేశపు పాతకథలను బట్టి పలువురు తలచిరి.

కార్కు నగరపు విశ్వవిద్యాలయ కళాశాలలో పురాతత్త్వాచార్యుడైన మైకేల్ ఓకెల్లీ ఈ యూహతో తృప్తి నొందలేదు. ఆయన బాలీవూర్నీ యను చోట ఇట్టి దిబ్బను 1952లో త్రవ్వించెను. పిదప తొట్టిని మరల సిద్ధపరచి, తానే పరీక్షకు పూనుకొనెను.

తొట్టిలో నూఱు గ్యాలన్ల నీరు, అనగా సుమారు 450 లీటర్లు, నిలిచినది. కాల్చిన రాళ్లను వేయగా వేయగా అరగంటకు నీరు సలసల కాగెను. నాలుగున్నర కిలోల గొఱ్ఱె తొడను ఎండుగడ్డిలో చుట్టి అందు దించిరి. నడుమ నడుమ మఱికొన్ని రాళ్లు వేయుచు మరుగు తగ్గకుండ చూచిరి. 3 గంటల 40 నిమిషములకు వెలికి తీయగా, మాంసము చక్కగా నుడికి రుచిగా నుండెను. పగిలిన రాళ్లను తొట్టి నుండి తీసి చుట్టును పాఱవేయుచుండినచో, ఏండ్లు గడచునప్పటికి దిబ్బ యెట్లు పెరుగునో కూడ తెలిసిపోయెను.

ఇంతటితో సమస్య తీరినదా? తీరలేదు. వంటశాల యైనచో ఎముకలు మిగులవలెను గదా! అవి మిక్కిలి అరుదుగా దొరకినవి. ఆమ్లము గల నేలలో ఎముకలు కరగిపోవునని కొందఱు సమాధానము చెప్పిరి. స్నానమునకని కొందఱు, ఉన్నికి రంగు వేయుటకని కొందఱు వాదించిరి. 2007లో గాల్వే ప్రాంతపు పురాతత్త్వవేత్త లిరువురు అట్టి తొట్టిలోనే కాల్చిన రాళ్లతో యవల మద్యము కాచి చూపిరి. ఆ పరీక్షయు ఫలించెను!

ఓకెల్లీ శ్రమ వ్యర్థమని దీని యర్థము కాదు. ఆ తొట్టిలో మాంసము వండవచ్చునని ఆయన నిరూపించెను. వండిరని నిరూపించుట వేఱు. పొగను చూచి నిప్పు నూహింపవచ్చును; ఆ నిప్పుపై నేమి వండిరో పొగ చెప్పజాలదు. “కావచ్చును” అను మాటకును “అయినది” అను మాటకును గల యీ దూరమును మఱవనివాడే సత్యమునకు చేరువ కాగలడు.