వేలిముద్ర

కవి లాంగ్‌స్టన్ హ్యూస్ జీవిత విశేషాలు చదువుతూండగా ఆయన మాతామహుని తమ్ముడు జాన్ మెర్సర్ లాంగ్‌స్టన్ పేరు నా కంటబడింది. పంతులై ఉండి శాసనకర్త అయిన మనిషి. ముప్పయ్యేళ్ళు పలక, సుద్దముక్కలతో గడిపినవాణ్ణి కనుక కుతూహలం కలిగింది.

ఆయన 1829లో వర్జీనియాలో, ఒక శ్వేతజాతి భూస్వామికీ, బానిసత్వం నుండి విముక్తి పొందిన స్త్రీకీ జన్మించాడు. ఐదేళ్ళు నిండకముందే తల్లిదండ్రులిద్దరూ గతించారు. ఒహాయోలో పెరిగి, ఒబర్లిన్ కళాశాలలో పట్టభద్రుడయ్యాడు. నల్లవాడన్న కారణంగా న్యాయ కళాశాలలు చేర్చుకోలేదు. ఒక న్యాయవాది వద్ద చదువుకొని 1854లో వకీలయ్యాడు. తరువాత హోవర్డ్ విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్ర విభాగాన్ని తానే నెలకొల్పి, దానికి తొలి అధిపతి అయ్యాడు. ఇంతకన్న మర్యాదైన ప్రతీకారం నేనెరుగను! 1885 నుండి రెండేళ్ళు పీటర్స్‌బర్గ్‌లో నల్లజాతి ఉపాధ్యాయులను తీర్చిదిద్దే కళాశాలకు అధ్యక్షుడుగా ఉన్నాడు.

1888లో ప్రతినిధుల సభకు పోటీచేస్తే ఓడినట్లు ప్రకటించారు. ఓటింగులో అక్రమాలు జరిగాయని ఆయన సభకే ఫిర్యాదు చేశాడు. 1890 సెప్టెంబరు 23న గాని ఆసనం దక్కలేదు. వారానికే సమావేశాలు ముగిశాయి. నవంబరు ఎన్నికలో ఓటమి. మిగిలినవి శీతకాలపు మూడు నెలలు.

ఆ మూడు నెలల్లో ఆయన ప్రతిపాదించిన రాజ్యాంగ సవరణ వద్ద నా చదువు ఆగిపోయింది. ఇంగ్లీషు చదవను, వ్రాయను వచ్చినవారికే ఓటు. ఓటర్లు తగ్గిన రాష్ట్రానికి సభలో స్థానాలూ తగ్గాలి. రెండవ షరతులో వకీలు కనిపిస్తున్నాడు, మొదటిదానిలో పంతులు. పరీక్ష అందరికీ ఒక్కటేనని, దిద్దే చేయి నిష్పక్షపాతమైనదని పంతుళ్ళం నమ్ముతాము. ఆ సవరణ నెగ్గలేదు. కాని 1890లోనే మిసిసిపీ, 1902లో వర్జీనియా తమ రాజ్యాంగాలలో అటువంటి పరీక్షలు పెట్టుకున్నాయి. దిద్దే అధికారం స్థానిక ఓటర్ల నమోదు అధికారుల చేతిలో పడింది. నల్లవారి ఓట్లు తుడిచిపెట్టుకుపోయాయి. వర్జీనియా నుండి మరొక నల్లజాతి ప్రతినిధి ఆ సభలో అడుగుపెట్టినది 1993లో.

లాంగ్‌స్టన్‌ను తప్పుపట్టడానికి నాకు మనసొప్పదు. యౌవనంలో నేనూ అలాగే వాదించేవాణ్ణి. మా ఊరి రాత్రిబడిలో అరవయ్యేళ్ళ వయసులో సంతకం నేర్చిన ఒక రైతు ఎదుట ఆ మాటే అన్నాను. ఆయన పలక ప్రక్కన పెట్టి అడిగాడు:

“అయితే పంతులుగారూ, వేలిముద్ర వేసినన్నాళ్ళూ నేనేసిన ఓట్లు చెల్లనట్టేనా?”

ఏమీ చెప్పలేక ఆ రాత్రి బడి పెందలాడే కట్టేశాను.