సంచిలో మూడొందలు

మొన్న రాత్రి హాస్టల్లో ‘ఇన్ ద హీట్ ఆఫ్ ద నైట్’ చూశాం. 1967 నాటి సినిమా. మిసిసిపీలో స్పార్టా అనే చిన్న ఊళ్లో హత్య జరుగుతుంది. రైలు కోసం కూర్చున్న నల్లజాతి మనిషిని పోలీసులు పట్టుకుపోతారు. పర్సులో డబ్బుంది, అదే సాక్ష్యం! తీరా చూస్తే అతను ఫిలడెల్ఫియా పోలీసాఫీసర్, వర్జిల్ టిబ్స్. (సిడ్నీ పోయిటియర్ దక్షిణాదికి రాననడంతో షూటింగ్ ఎక్కువగా ఇల్లినాయ్‌లో చేశారట.) పత్తి ఆసామి చెంపమీద కొడితే, టిబ్స్ వెంటనే తిరిగి కొడతాడు. అక్కడ మావాళ్లంతా ఈలలు. నేనూ వేశాను.

తర్వాత నిద్ర పట్టలేదు. సెకండియర్లో నా ఫోన్ పోతే ముందు వెతికించింది మెస్ కుర్రాడి సంచి. 300 రూపాయలు కనబడితే “ఎక్కడివిరా?” అన్నది నేనే. ఫోన్ నా దుప్పట్లోనే దొరికింది. సారీ చెప్పలేదు. మర్నాడు వాడే అన్నం వడ్డించాడు. తినేశాను.