సెంటరింగ్ సామాను

నవంబర్ 3
స్లాబ్ పోసి నెల దాటింది. మన జాకీలు ఇంకా దాని కిందే. ఐఎస్ 456 లెక్కన జాకీలు తీయడానికి 4.5 మీటర్ల లోపు స్లాబ్‌కి 7 రోజులు, అంతకు మించితే 14. ఈ స్లాబ్ మాత్రం ఇంకా గట్టిపడలేదట. కాంట్రాక్టరు మాట.

నవంబర్ 5
ఫోన్ చేస్తే "రేపు పొద్దున్నే పంపిస్తా అన్నా." ఏ రేపో చెప్పడు.

నవంబర్ 6
షాపు కుర్రాడి ఐడియా: రాత్రికి ట్రాలీ ఆటో వేసుకెళ్లి పీక్కొచ్చేద్దాం. లాయరు గారు వద్దన్నారు. మన సామానే కదా అంటే శిక్షా చట్టంలో వాచీ ఉదాహరణ చెప్పారు. తాకట్టు పెట్టిన సొంత వాచీని బాకీ తీర్చకుండా, చెప్పకుండా తెచ్చుకున్నా దొంగతనమే. మన జాకీలు తాకట్టులో లేవన్నాను. "గోడ దూకితే అది వేరే కేసు."
కుర్రాడు తన వాచీ వంక చూసుకున్నాడు.

నవంబర్ 10
కాంట్రాక్టు చట్టం, 1872. సెక్షన్ 160: గడువు అయిపోగానే అడక్కుండానే వస్తువు తిరిగివ్వాలి. అడక్కుండానే.
161 నయం. ఇవ్వకపోతే, ఆ తర్వాత పోయినా పాడైనా భారం వాడిదే.

నవంబర్ 11
బిల్లు బుక్కులో అడుగున అచ్చు వేయించాను: గడువు దాటితే రెట్టింపు అద్దె. లాయరు గారు నవ్వారు. సెక్షన్ 74 అట. అది పైహద్దే. అంతలోపు సబబైనంత కోర్టు ఇప్పిస్తుంది. అచ్చు ఖర్చు ఎవరూ ఇప్పించరు.

నవంబర్ 14
జాకీలే కావాలని దావా వేయొచ్చా? వేయొచ్చు. కానీ డిక్రీలో వస్తువుతో పాటు, అది దొరక్కపోతే ఎంత డబ్బివ్వాలో కూడా రాస్తారు. "తాతగారి వీణ అయితే వేరు. మీ జాకీ బజార్లో దొరికేదేగా." నిజమే. కొంచెం నొచ్చుకున్నాను.

నవంబర్ 18
అద్దెకి కాంట్రాక్టరు ఇచ్చిన చెక్కు తిరిగొచ్చింది. ఖాతాలో డబ్బుల్లేవు. చెక్కుల చట్టం, సెక్షన్ 138. బ్యాంకు చెప్పిన 30 రోజుల్లోపు నోటీసు. అందాక 15 రోజులు వాడికి. అప్పటికీ కట్టకపోతే నెలలోపు ఫిర్యాదు. సిమెంటు కంపెనీ క్యాలెండర్‌లో ఎర్ర పెన్నుతో గుర్తులు పెట్టాను. మా ఆవిడ గ్యాస్ బుకింగ్ అనుకుంది.

నవంబర్ 20
నోటీసు స్పీడ్ పోస్టులో. రిజిస్టర్డ్ పోస్టు ఇప్పుడు అందులోనే కలిసిపోయింది. "తీసుకోను అన్నా అందినట్టే," లాయరు గారు.

నవంబర్ 23
పక్క కాలనీలో ఇంకో కట్టడం. షీట్ల అంచుకి మన ఆకుపచ్చ పెయింటు. అక్కడి మేస్త్రిని అడిగితే మన కాంట్రాక్టరు దగ్గరే అద్దెకు తెచ్చారట. మనకంటే రోజుకు రూపాయి ఎక్కువకి. వాళ్లు టైముకి కడుతున్నారు. వాడికి.

నవంబర్ 24
స్టేషన్‌లో: "సివిల్ మేటరండీ." నమ్మకద్రోహం, కొత్త చట్టంలో 316 అన్నాను. రైటరు పాత నంబరు అడిగాడు. 406. "ఆఁ, అదా. అదీ సివిలే."

డిసెంబర్ 4
వాళ్ల లాయరు జవాబు వచ్చింది. మొదటి పేరా: మా క్లయింటు ఎలాంటి జాకీలూ తీసుకోలేదు. రెండో పేరా: తీసుకున్న జాకీలు తుప్పు పట్టినవి.
మా లాయరు గారికి రెండో పేరా బాగా నచ్చింది. ఫీజు రెండు విడతలన్నారు. మొదటిది ఇవాళే.